నెమ్మదిగా ఉరికేవాళ్లు ముందు బయల్దేరాలి

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1994 జనవరిలో తొలి మారథాన్ జరిగింది. తర్వాత హాఫ్ మారథాన్లు, పది కిలోమీటర్లు, ఐదు కిలోమీటర్ల పరుగులు వచ్చి చేరాయి. ఇంకా చీకటి ఉండగానే, తెల్లవారుజామున ఐదింటికి మొదలవుతాయి. తల్లీకూతుళ్లు, అన్నదమ్ములు, ఒకే ఆఫీసులో పనిచేసే స్నేహితులు గుంపులు గుంపులుగా వస్తారు. దారిలో మిక్కీ మౌస్ వేషం కనబడితే ఆగి, వరసలో నిలబడి ఫొటో దిగి మళ్లీ కదులుతారు. ఎవరు గెలిచారని అడిగేవాళ్లు అక్కడ తక్కువ. నియమం మాత్రం ఒకటి గట్టిగా ఉంది: మైలుకు 16 నిమిషాలకు మించి పట్టకూడదు. అందరికంటే చివర బయల్దేరినవాళ్ల వెనకాల, బెలూన్లు కట్టుకున్న కొందరు సరిగ్గా అదే వేగంతో నడుచుకుంటూ వస్తారు. వాళ్లకంటే వెనకబడితే ఆ రోజుకు పరుగు ముగిసినట్టే.

మైలుకు 16 నిమిషాలంటే గంటకు ఆరు కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. ఈ వేగంతో మూడున్నర గంటల పని.

ఆ దూరం, ఆ వేగం మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. మానుకోట (మహబూబాబాద్) నుంచి కురవి వీరభద్రస్వామి గుడికి సుమారు పది కిలోమీటర్లు. మొక్కున్నవాళ్లు ఇంటిల్లిపాదీ నడిచి పోయి, నడిచి వస్తే అది దాదాపు హాఫ్ మారథాన్. మేడారం జాతర దారిలో ఇంతకు రెట్టింపు నడిచే కుటుంబాలూ ఉంటాయి. ఈ మూడు జిల్లాల పట్టణాల్లో పోలీసులో యువజన సంఘాలో పెట్టే 2కె రన్‌లు ఏటా చూస్తూనే ఉన్నాం. 2023 జూన్‌లో రాష్ట్ర అవతరణ దశాబ్ది ఉత్సవాలప్పుడు ‘తెలంగాణ రన్’ పేరుతో నియోజకవర్గానికొకటి జరిగింది. వీటికి పై మెట్టు, అంటే పెద్ద పట్టణపు హాఫ్ మారథాన్ పరిగెత్తాలంటే చాలామంది చూసేది హైదరాబాద్ వైపే. అక్కడ 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్‌ను ఆగస్టు చివర్లో నెక్లెస్ రోడ్డు మీద నుంచి మొదలుపెడతారు. థీమ్ పార్కు కోటలు మన దగ్గర లేకపోతే పోనీ. గణపురం కోటగుళ్లు, పాండవుల గుట్టలు, కాకతీయుల కాలపు బయ్యారం చెరువు ఉన్నాయి. చుట్టపక్కాలతో, దోస్తులతో కలిసి ఇక్కడే ఒక హాఫ్ మారథాన్ పరిగెత్తాలంటే ఒంట్లో ఏం జరుగుతుంది, ఏం జరగకుండా చూసుకోవాలి అన్నది ఈ అధ్యాయంలో చూద్దాం.

కురవి దారిలో ఏ కుటుంబాన్నయినా కాసేపు గమనించండి. తండ్రి భుజాన సంచితో పెద్ద పెద్ద అంగలు వేస్తుంటాడు. తల్లి రెండడుగులు వెనక. పదేళ్ల పిల్ల మాత్రం నాలుగడుగులు నడుస్తుంది, ఆరడుగులు ఉరుకుతుంది, మళ్లీ నడుస్తుంది. “సక్కగ నడువు బిడ్డా” అని తండ్రి గదమాయిస్తాడు. పాపం, ఆ పిల్ల సక్కగానే నడుస్తోంది. నడకలో మన ఒళ్లు నేల మీద ఆనిన కాలి చుట్టూ విల్లులాగా వంపు తిరుగుతూ ముందుకు పోతుంది. వేగం ఒక హద్దు దాటితే భూమ్యాకర్షణ ఒంటిని ఆ వంపులో పట్టి ఉంచలేదు, పాదం నేలను వదిలేస్తుంది. నడకకు అసలు హద్దు అది. అంతకంటే చాలా ముందే, వేగం వర్గాన్ని కాలి పొడవుతో, భూమ్యాకర్షణ త్వరణంతో భాగిస్తే వచ్చే అంకె సుమారు 0.5 దగ్గరికి వచ్చేసరికి, మనుషులు తమకు తెలియకుండానే నడక మాని పరుగు అందుకుంటారు. ఓడల కోసం విలియం ఫ్రౌడ్ వాడిన ఈ లెక్కను జంతువుల నడకకు విస్తారంగా అన్వయించినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్.

లెక్క వేసి చూద్దాం. కాలి పొడవు 90 సెంటీమీటర్లున్న తండ్రికి ఆ మలుపు గంటకు 7.6 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. 65 సెంటీమీటర్ల కాళ్లున్న పిల్లకు 6.4 దగ్గరే. గంటకు ఆరున్నర, ఏడు కిలోమీటర్లతో పోతుంటే తండ్రిది ఇంకా నడకే, పిల్లది అప్పటికే పరుగు. కలిసి పరిగెత్తే గుంపులో ఒకే వేగం అందరికీ ఒకే పని కాదు. పొట్టివాళ్లు, ఆడవాళ్లు, పెద్దవయసు వాళ్లు వెనకబడుతుంటే బద్ధకం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి. అన్నట్టు, పదేళ్ల పిల్లలకు 21 కిలోమీటర్లు వద్దు. వాళ్లకు 2కె, మహా అయితే 5కె చాలు.

ఇక అసలు విషయం: వేడి.

పరుగుకు అయ్యే ఖర్చు గుర్తుపెట్టుకోవడం తేలిక. చదును నేల మీద కిలోమీటరు పరిగెత్తితే కిలో బరువుకు సుమారు ఒక కిలోకేలరీ. 1963లో ఇటలీకి చెందిన మార్గారియా బృందం చూపించిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, వేగంగా పరిగెత్తినా మెల్లగా పరిగెత్తినా దూరానికి అయ్యే ఖర్చు దాదాపు మారదు. 65 కిలోల మనిషి హాఫ్ మారథాన్‌కు ఖర్చుపెట్టేది దగ్గరదగ్గర 1,370 కిలోకేలరీలు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఇంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది, దానికి కొవ్వు తోడవుతుంది. కాబట్టి ముందురోజు కడుపునిండా అన్నం తిన్నవాళ్లకు హాఫ్‌లో ఇంధనం అయిపోదు. ఇబ్బంది పెట్టేది ఆ ఇంధనం మండినప్పుడు పుట్టే వేడి. ఖర్చయిన శక్తిలో అత్యధిక భాగం చివరికి వేడిగానే తేలుతుంది. ఎంత వేడి అన్నది దూరాన్ని బట్టి ఉంటే, ఎంత తొందరగా పుడుతుందన్నది వేగాన్ని బట్టి ఉంటుంది.

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు మన మూడు జిల్లాల్లో ఏ మైదానానికి పోయినా కనబడతారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు. అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఆ వేగంతో పరిగెత్తే 65 కిలోల కుర్రాడి ఒంట్లో పుట్టే వేడి సుమారు వెయ్యి వాట్లు: బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టె ఒకటి చొక్కా లోపల ఉన్నట్టు. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే నాలుగు నిమిషాలకొక డిగ్రీ చొప్పున ఒళ్లు వేడెక్కుతుంది. ఏడుంబావు నిమిషాల్లో రెండు డిగ్రీల లోపే కాబట్టి ఆ కుర్రాడు ఎండలో కూడా సాధారణంగా గట్టెక్కుతాడు. పుట్టిన వేడిని ఒంట్లోనే దాచుకుని, పరుగయ్యాక తీరిగ్గా వదిలేస్తాడు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఈ వేడి లెక్కతో ఆమెకు అసలు పనే లేదు.

21 కిలోమీటర్లకు ఈ వెసులుబాటు లేదు. పుట్టిన వేడిని పుట్టినట్టే బయటికి పంపాలి. నియామకాల పరుగులో బాగా ఉరికే కుర్రాడు హాఫ్‌లో ఐదో కిలోమీటరుకే కూలబడడం మైదానాల్లో చూస్తుంటాం. కాళ్లలో సత్తువ లేక కాదు. చిన్న దూరానికి పనికొచ్చే లెక్కను పెద్ద దూరానికి వాడాడు. అదే 65 కిలోల మనిషి రెండు గంటల్లో పూర్తిచేసే వేగంతో పోతే ఒంట్లో పుట్టేది 800 వాట్లు. మూడున్నర గంటల వేగంతో 450 వాట్ల దరిదాపుల్లో.

బరువు కూడా లెక్కలోకి వస్తుంది. వేడి బరువును బట్టి పుడుతుంది, బయటికి పోయేది చర్మం వైశాల్యాన్ని బట్టి. బరువు పెరిగినంతగా చర్మం పెరగదు. ఎనభై కిలోల బాబాయి, యాభై కిలోల అమ్మాయి పక్కపక్కన గంటకు ఎనిమిది కిలోమీటర్లతో పరిగెత్తితే, బాబాయి ఒంట్లో ప్రతి చదరపు మీటరు చర్మం ఐదో వంతు ఎక్కువ వేడిని మోయాలి. వయసు సంగతి పక్కన పెట్టినా గుంపులో ముందుగా వేడెక్కేది బాబాయే. అందరూ “చిన్నపిల్ల, ఆగుదాం” అని ఆమె కోసం చూస్తుంటారు. కళ్లు బాబాయి మీద ఉండాలి.

వేడి బయటికి పోవడానికి మనకున్న పెద్ద తలుపు చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది. ఇక్కడ ‘ఆవిరైతే’ అన్నది చాలా ముఖ్యం. కారి నేల మీద పడ్డ చెమట వల్ల ఒంటికి ఒరిగేదేమీ లేదు, నీళ్లూ ఉప్పూ పోవడం తప్ప. ఆవిరి కావాలంటే చర్మం మీది తేమ ఒత్తిడి గాలిలోని తేమ ఒత్తిడి కంటే ఎక్కువుండాలి. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర ఆ ఒత్తిడి పాదరసం లెక్కలో 42 మిల్లీమీటర్లు. ఆగస్టు తెల్లవారుజామున గాలి 23 డిగ్రీలు, తేమ 90 శాతం ఉందనుకుంటే గాలిలో ఒత్తిడి 19, తేడా 23. జనవరిలో 15 డిగ్రీలు, 70 శాతం అయితే గాలిలో 9, తేడా 33. అదే మనిషి, అదే వేగం, చెమట ఆరే సత్తా మాత్రం దాదాపు సగం పెరిగింది. ఆగస్టు పొద్దున చల్లగానే అనిపిస్తుంది. హైదరాబాద్ హాఫ్ పరిగెత్తినవాళ్లు చాలామంది చెప్పేది మాత్రం ఆ ఉక్క గురించే.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు తీసుకోండి. ఒకదాని బల్బుకు పలచని నూలు గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొస ఒక చిన్న గిన్నెలోని నీళ్లలో ఉండేటట్టు పెట్టండి. నీడలో, గాలి తగిలే చోట పావుగంట ఉంచండి, లేదా విసనకర్రతో విసరండి. తడి గుడ్డ ఉన్నది ఎంత తక్కువ చూపిస్తే చెమటకు అంత మంచి కాలం. ఏప్రిల్ మధ్యాహ్నం జనగామలో పొడి థర్మామీటరు భయపెట్టినా తడిది చాలా కింద ఉంటుంది, గాలి పొడి కాబట్టి. గోదావరి వైపు దిగి కాళేశ్వరం దాకా పోతే, ముఖ్యంగా వానాకాలంలో, రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి. రెండూ ఒకే అంకె చూపించి, ఆ అంకె చర్మం వేడికి దగ్గరగా ఉంటే ఎంత చెమట పట్టినా ప్రయోజనం తక్కువ. 1950లలో అమెరికా మెరైన్ దళం శిక్షణ శిబిరాల్లో వడదెబ్బ మరణాలు ఆపడానికి తయారుచేసిన సూచికలో కూడా 70 శాతం బరువు ఈ తడి థర్మామీటరుదే, 20 శాతం ఎండ వేడిది, మామూలు ఉష్ణోగ్రతకు మిగిలింది 10 శాతమే. ఊళ్లో పరుగు పెట్టే నిర్వాహకులు టీషర్టు రంగు మీద జరిపే చర్చలో సగం ఈ తడి గుడ్డ మీద పెడితే మేలు.

మరి దారిలో ఎవరి వేగం ఎంత ఉండాలో చెప్పేదెవరు? చేతి గడియారాల కంటే నమ్మకమైన పరికరం గుంపులోనే ఉంది: మాట. మాట్లాడటమంటే ఊపిరిని మెల్లగా, పొడుగ్గా వదలడం. ఒక స్థాయి దాటి కష్టపడితే కండరాల్లో పుట్టే ఆమ్లాన్ని రక్తంలోని బైకార్బొనేటు తటస్థం చేస్తుంది, ఆ పనిలో అదనపు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, దాన్ని వదిలించుకోవడానికి ఊపిరి తొందరపడుతుంది. అప్పుడు పొడుగు వాక్యం సాగదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లక్రాస్ శాఖలో కార్ల్ ఫాస్టర్ బృందం ఈ మాట పరీక్షను ప్రయోగశాలలో తరచి చూసింది. హాయిగా మాట్లాడగలిగినంతసేపు మనిషి ఆ హద్దుకు ఇవతలే ఉంటున్నాడని తేలింది. పక్కన చిన్నమ్మ కొడుకు పెళ్లి సంబంధం గురించి పూర్తి వాక్యాల్లో చెప్పుకొస్తుంటే అంతా బాగున్నట్టు. “ఆఁ... ఊఁ...” లోకి దిగిందంటే వెంటనే నడకలోకి మారాలి. ఒంటరిగా పరిగెత్తేవాడికి ఈ పరికరం లేదు. చుట్టాలతో కలిసి పరుగు అంటే సరదా కోసం వేగం త్యాగం చేయడమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది మొదటిసారి హాఫ్ పరిగెత్తేవాళ్లకు అన్నిటికంటే శాస్త్రీయమైన పద్ధతి.

కలిసి చేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పడవ జట్టులోని 12 మంది చేత 45 నిమిషాల సాధన ఒంటరిగానూ, ఒకే లయలో కలిసీ చేయించారు. తర్వాత బీపీ పట్టీ బిగించి ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. పని అంతే, నొప్పి ఓర్పు మాత్రం కలిసి చేసిన రోజు ఎక్కువ. మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్ల వల్ల అని పరిశోధకుల ఊహ. పన్నెండు మందితో చేసిన చిన్న ప్రయోగమే, దాని మీద మేడలు కట్టలేం. అయితే నాట్లప్పుడు వరసగా వంగి పాటతో అడుగు కలిపే మన ఆడవాళ్లకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

గుంపులో ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అది ప్రేమతో వచ్చేది: “కొంచెం తాగు, ఇంకొంచెం తాగు” అని నీళ్లు పట్టించడం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికంటే తక్కువుంది. వాళ్లలో ఎక్కువగా కనబడిన లక్షణం పరుగులో బరువు పెరగడం. అంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ తాగారు. నాలుగు గంటలకు పైగా పట్టినవాళ్లకు ముప్పు ఎక్కువ. రక్తంలో ఉప్పు పలచబడితే నీళ్లు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతి, తికమక, ముదిరితే మూర్ఛ. చూసేవాళ్లకు వడదెబ్బలాగే ఉంటుంది, ఇంకో గ్లాసు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. దాహం వేసినప్పుడే, దాహం తీరేంతే తాగాలి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, ఓఆర్ఎస్ ఉత్త నీళ్లకంటే నయమే కానీ, అతిగా తాగితే వాటితోనూ ముప్పు తప్పదు. సాధన రోజుల్లో పరుగుకు ముందు, తర్వాత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. గంట పరుగులో 700 గ్రాములు తగ్గి, మధ్యలో 200 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకు 900 మిల్లీలీటర్లు. మీ అన్నది వేరు, మీ వదినది వేరు. అందరికీ ఒకే సీసా లెక్క పనికిరాదు.

మాట తడబడి, నడక తూలి, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెబితే మాత్రం ఆలోచించకూడదు. ఒళ్లు కాలిపోతుంటే నీడలో పడుకోబెట్టి చల్లటి నీళ్లు ఒంటినిండా పోస్తూ విసరాలి, నీళ్ల తొట్టి ఉంటే మెడ దాకా ముంచాలి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రికి తీసుకుపోయే తొందరలో చల్లార్చడం ఆపకూడదు.

వేడికి ఒళ్లు అలవాటు పడుతుంది, అదీ చాలా తొందరగా. ఈ సంగతి శాస్త్రానికి బాగా తెలిసింది గనుల నుంచే. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో లోతుకు పోయేకొద్దీ కొత్త కార్మికులు వేడికి కూలిపోతుంటే, 1930లలో వాళ్లను వేడిలో రోజురోజుకూ కాస్త కాస్త పని పెంచుతూ అలవాటు చేయడం మొదలుపెట్టారు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలై ఎక్కువగా వస్తుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. భూపాలపల్లి కేటీకే గనుల్లో దిగే సింగరేణి కార్మికుడి ఒళ్లు, మానుకోట మిర్చి చేనులో కూలి చేసే అక్క ఒళ్లు ఈ పాఠం ఏనాడో నేర్చుకున్నాయి. ఏసీ గదిలో పనిచేసి సంక్రాంతికి ఊరికొచ్చిన కొడుకు, “నేను రోజూ జిమ్ముకు పోతా” అని మొదటి రోజే వాళ్లతో పోటీపడకపోవడం మంచిది. కొన్ని వారాలు వేడికి దూరంగా ఉంటే ఈ అలవాటు చాలావరకు కరిగిపోతుంది కూడా.

ఇప్పుడు పరుగు ఏర్పాటు చేసేవాళ్లతో ఒక మాట. ప్రపంచంలో చాలాచోట్ల పద్ధతి ఒకటే. వేగంగా పరిగెత్తేవాళ్లు ముందు వరసలో నిలబడతారు, జెండా ఊపగానే పోతారు. వాళ్ల తర్వాత మిగతావాళ్లు, అందరి వెనకా కుటుంబాలు. దారి ఇరుకైతే ఒకరినొకరు గుద్దుకోకుండా ఇది పనికొస్తుంది. వేడి లెక్కలో మాత్రం పూర్తిగా తలకిందులు. ఐదున్నరకు కదిలిన చురుకైన కుర్రాడు గంటా నలభై నిమిషాల్లో, ఏడు పదికల్లా గీత దాటి ఇడ్లీ తింటుంటాడు. ఆరింటికి కదిలిన కుటుంబం తొమ్మిదిన్నర దాకా రోడ్డు మీదే ఉంటుంది. మెల్లగా పోవడం వల్ల ఒంట్లో పుట్టే వేడి తగ్గిందని సంతోషించాం, ఆ తగ్గిన దాని మీద ఎండను తెచ్చి పోస్తున్నాం. ఫిబ్రవరి పొద్దున ఎనిమిదిన్నర తర్వాత తారు రోడ్డు మీద నడిచినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. అందరికంటే ఎక్కువ రక్షణ కావాల్సినవాళ్లకు అందరికంటే చెడ్డ సమయం ఇస్తున్నాం.

భూపాలపల్లి నుంచి గణపురం కోటగుళ్ల వైపు పోయి తిరిగొచ్చే దారిలోనో, జనగామ నుంచి పెంబర్తి వైపో మొదటి హాఫ్ పెడితే ఈ వరస మార్చి చూడొచ్చు. మూడున్నర గంటలు పట్టేవాళ్లు నాలుగున్నరకు, రెండున్నర గంటలవాళ్లు ఐదున్నరకు, గంటా నలభై నిమిషాలవాళ్లు ఆరూ ఇరవైకి కదలాలి. ముగ్గురూ ఎనిమిదింటికే గీత దగ్గరికి చేరుకుంటారు. దీనికి అదనంగా కావాల్సినవి చీకట్లో దారి పొడవునా లైట్లు, మెరిసే పట్టీలు కుట్టిన టీషర్టులు, మూడున్నరకే లేచి మజ్జిగ బల్లల దగ్గర నిలబడే వాలంటీర్లు, చివరి మూడు కిలోమీటర్లలో వేగంగా వచ్చేవాళ్లకు విడిగా ఒక వరస. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లను ఎనిమిదిన్నర దాకా పక్కదారి పట్టించాలి. పోటీకి నష్టమేమీ లేదు: ఇప్పటి పరుగుల్లో ఛాతీ మీది నంబరులో ఉండే చిప్, ఎవరు ఎప్పుడు బయల్దేరినా, వాళ్లు బయల్దేరే గీత దాటిన క్షణం నుంచే వాళ్ల సమయం లెక్కపెడుతుంది.